గుమ్మడికాయ కోసిన రంపం

మా మామగారికి కోడళ్లు ఇద్దరు. ఒకరు పనికి, ఒకరు పొగడ్తకి. పనికి నేను.

ఆయన సినిమా సెట్లకు బోర్డులు చేసేవారు. పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చినప్పుడు దాని వెనకే వచ్చి ఫిల్మ్‌నగర్ వాలులో ఇల్లు కట్టుకున్నారు. కోర్టు, పోలీస్ స్టేషన్, ధర్మాసుపత్రి, ఏ సెట్‌కైనా పేరు మా వరండాలోనే తయారయ్యేది. ప్లైవుడ్ మీద అక్షరాలు గీసి, చేత్తో పట్టుకునే కరెంటు రంపంతో కోసేవారు. కుట్టుమిషన్ సూదిలా దాని సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది. ఇంట్లో అందరం దాన్ని ఉత్తినే మిషన్ అనేవాళ్లం.

ఆ మిషన్‌కు సేవ నాది. సాయంత్రం ప్లగ్ పీకి, గాలి కంతల్లో ఇరుక్కున్న రంపంపొట్టంతా పాత టూత్‌బ్రష్‌తో దులిపేదాన్ని. బ్లేడుకు పట్టిన జిగురు కిరసనాయిలు గుడ్డతో తుడిచేదాన్ని. కోత అంచు మాడితే బ్లేడు మొద్దుబారినట్టు. లోపల నిప్పురవ్వలు ఎక్కువైతే కార్బన్లు అయిపోయినట్టు. మోటారులో రాసుకుంటూ అరిగిపోయే చిన్న నల్లముక్కలవి. ఎర్రగడ్డ సంతకు వెళ్లి కొత్తవి తెచ్చి నేనే వేసేదాన్ని. చూపు మందగించాక మామగారే ఇవన్నీ నాకు నేర్పారు. కోయడం మాత్రం నేర్పలేదు.

అది మా తోటికోడలికి నేర్పారు. రహమత్ నగర్ పిల్ల, మరిది ప్రేమించి చేసుకున్నాడు. కాపురానికి వచ్చీ రాగానే మిషన్ పట్టుకుంది. "ఏం చెయ్యి అండీ అది! గీత మీద చీమ నడిచినట్టు నడుస్తుంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు మామగారు. నాకు ఒళ్లు మండిపోయేది. చీమ నడవడానికి దారి ఊడ్చిందెవరట? పోనీ ఆ పిల్ల చెడ్డదైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని. అక్కా అక్కా అంటూ నా కొంగు పట్టుకునే తిరిగేది. దాంతో ఇంకా మండేది.

ఆ ఏడు దసరా ముందు మామగారు అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. "నాకిక కళ్లు ఆనడం లేదు. ఆయుధపూజ నాడు మిషన్ ఒకరి చేతిలో పెట్టేస్తాను. ఇక పనంతా వాళ్లదే."

నాకే ఇస్తారనుకున్నాను. ఇన్నేళ్లు సాకినదాన్ని, ఇంకెవరికిస్తారు? కొత్త బ్లేడు వేశాను. పసుపూ కుంకుమా మోటారులోకి పోకుండా బొట్లు జాగ్రత్తగా పైపైనే పెట్టాను. హారతి అయ్యాక ఆయన మిషన్ రెండు చేతులా తీసి, "చిన్నమ్మాయ్, ఇలా రా" అన్నారు.

చేతిలో హారతి పళ్లెం ఉంది కాబట్టి సరిపోయింది. కళ్లలో నిప్పులు పోసుకోవడం అంటారే, ఆ రోజు నేను పోసుకున్నాను. దాచడం దేనికి?

దిష్టికి కుంకుమ నింపిన బూడిదగుమ్మడికాయ సిద్ధంగా ఉంది. సినిమావాళ్ల ఇల్లాయె, ఏదైనా షాట్‌లా ఉండాలి. "నేలకేసి అందరూ కొడతారు. నువ్వు మిషన్‌తో కొయ్యి, అదే నీ మొదటి కోత" అన్నారు మామగారు.

"మామయ్యగారూ, అది నీళ్లకాయ" అన్నాను.

"నీకెందుకమ్మా అంత కుళ్లు?" అన్నారు, చుట్టుపక్కల వాళ్లందరి ముందూ.

బుర్రుమని బ్లేడు దిగింది. కుంకుమ నీళ్లు గోడ దాకా చిమ్మాయి. టప్పుమని మిషన్ ఆగింది, దానితోపాటు ఇంట్లో ఫ్యూజూ పోయింది.

"అక్కా, సచ్చిపోయినట్టుంది గిది! జర చూడవా?" అంది తోటికోడలు ఏడుపు గొంతుతో.

"పెద్దమ్మాయ్!" అని కేకేశారు మామగారు. అప్పుడు గుర్తొచ్చాను.

సంతోషం కలగలేదంటే అబద్ధమే. ప్లగ్ పీకి, ఫ్యూజు వేసి, మిషన్ విప్పాను. లోపలంతా ఎర్ర గుజ్జు, గింజలు. పొడిగుడ్డతో తుడిచి, కార్బన్లు ఊడదీశాను. తోటికోడలికి పెళ్లిలో వచ్చిన హెయిర్ డ్రయర్ అడిగి మరీ తెప్పించుకున్నాను, దాంతోనే ఆరబెట్టాను. ఆపైన ఎండలో పెట్టి, గ్రీజు రాసి, మర్నాడు బిగించాను. స్విచ్ నొక్కితే కాసేపు దగ్గి, పాత గొంతు తెచ్చుకుంది.

"హమ్మయ్య! ఇక చిన్నదానికి ఇచ్చెయ్యమ్మా" అన్నారు మామగారు.

ఇవ్వలేదు. వరండాలో "న్యాయస్థానం" అని గీసిన ప్లైవుడ్ ఉంటే దాని దగ్గరికి వెళ్లాను.

"నీకు కొయ్యడం రాదు కదా?" అన్నారాయన.

"రిపేరు చేసిన ప్రతిసారీ కోసి చూడకుండానే మీ చేతికి ఇచ్చాననుకున్నారా?" అన్నాను.

"స్థా" తీసుకున్నాను. అందులో ఆ ఒత్తు మలుపు దగ్గర తొందరపడితే బ్లేడు పుటుక్కుమంటుంది. తొందరపడలేదు. అక్షరం శుభ్రంగా ఊడి వచ్చింది.

తోటికోడలు చప్పట్లు కొట్టింది. "అబ్బ అక్కా, మస్తు కోసినవ్! నాకు గా ఒత్తు ఎన్నడూ సక్కగ రాలే."

మామగారు అక్షరం అందుకుని అంచు పొడుగునా వేలితో తడిమారు. ఎక్కడా గరుకు తగల్లేదు. ఆయన మొహం వెలిగింది. ఆ మాట కోసం ఎన్నేళ్లు కాచుక్కూచున్నానో, ఇదిగో వస్తోంది అనుకున్నాను.

"చూశావా చిన్నమ్మాయ్, నిన్ను చూసి మీ అక్క ఎంత బాగా నేర్చుకుందో!" అన్నారు.

మిషన్ ఇంకా నా చేతిలోనే ఉంది. పక్క అక్షరం మీద పెట్టి స్విచ్ నొక్కాను. ఆ చప్పుడులో ఆయన ఇంకేమన్నారో నాకు వినపడలేదు.