మార్జిన్ గారి మూడు టైపు మిషన్లు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైలలో, కొత్తగా బీఎస్సీ గట్టెక్కిన ప్రతి కుర్రవాడికీ లోకం తప్పులతడకగానూ, తానొక్కడే దాన్ని దిద్దగలవాడుగానూ కనిపించేది. నాకు ఆ జబ్బు కాస్త ముదిరింది. చారులో ఉప్పు సరిపోయిందని అమ్మ అంటే, "ఏ కొలత ప్రకారం?" అని అడిగేవాణ్ణి. (జవాబు గరిటెతో వచ్చేది.) అలాంటి నన్ను విజయవాడ వన్ టౌన్‌లోని ఒక విత్తనాల కంపెనీ ఏడాది పాటు పరీక్షగా ఉద్యోగంలో పెట్టుకుంది. అది ఖాయం కావాలంటే మేనేజరుగారి సంతకం పడాలి.

ఆ మేనేజరుగారిని మేము చాటుగా 'మార్జిన్ గారు' అనుకునేవాళ్ళం. మాకు వన్ టౌన్‌తో పాటు కంకిపాడులోనూ, ఇబ్రహీంపట్నంలోనూ ఆఫీసులుండేవి. ఒక్కోచోట ఒక్కో టైపు మిషను. ఆయన అన్నిచోట్లకీ తిరుగుతూ రైతుల విత్తనాల మొలక పరీక్ష ఫలితాలను స్వయంగా టైపు కొట్టేవారు. ఎక్కడ కూర్చున్నా మిషను తన సొంత పడక్కుర్చీలా ఒదిగిపోవాలి: మిషను మీది కొలబద్దలో ఎడమ మార్జిన్ పదో గడి దగ్గర, చివరి అంకెల వరస ఎనభై దగ్గర. ఆయనకంటే ముందు బస్సెక్కి వెళ్ళి, మిషనును ఆయన అభిరుచికి సర్ది, వెంటనే తరువాతి ఊరికి పరుగెత్తడమే నా విజ్ఞానశాస్త్రానికి దొరికిన వినియోగం.

ఇంతలో కంకిపాడుకు వేరే మిషను వచ్చింది. దాని అక్షరాలు లావు. స్కేలు పెట్టి చూస్తే ఎనభయ్యో గడి కాగితం అంచుకు పోయింది.

"ఇక్కడ డెబ్బైకి జరపాలండి," అన్నాను.

"ఎనభై అంటే ఎక్కడైనా ఎనభయ్యేనోయ్! కంకిపాడుకు వేరే ఎనభై ఉంటుందా?"

"అంకె అదేనండి, అక్షరమే లావండి."

"నీ బీఎస్సీ నీ దగ్గరుంచుకో. పెట్టమన్నచోట పెట్టు!"

పెట్టి, ఇబ్రహీంపట్నం బస్సెక్కాను.

కొన్నాళ్ళకు కంకిపాడు రైతు ఒకాయన ఫలితం కాగితం ఊపుకుంటూ వన్ టౌన్ ఆఫీసుకొచ్చాడు. "నూటికి తొమ్మిదే మొలిచాయా అండీ? మా కోళ్ళు కెలికి పారేసిన గింజలు కూడా అంతకన్నా నయమండీ!"

నిజానికి మొలిచినవి తొంభై ఆరు. మార్జిన్ గారు నా వైపు తిరిగారు. "మిషను సర్దిందెవరు?"

"నేనేనండి."

"అయితే నీ ఉద్యోగం గురించి ఆలోచించాల్సిందే."

నోటిమాటకు విలువ లేదని, మర్నాడు ఇద్దరినీ కంకిపాడు మిషను దగ్గర నిలబెట్టి తొంభై ఆరు కొట్టి చూపించాను. తొమ్మిది కాగితం అంచున పడింది. ఆరు అంచు దాటి నల్లటి రోలరుకు తగిలింది. రోలరు మీద అప్పటికే అంకెల ముద్రలు బారులు తీరి ఉన్నాయి.

రైతు వంగి చూశాడు. "నా పంటంతా ఇక్కడే ఉందండోయ్!"

మార్జిన్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. చివరికి తీర్పు చెప్పారు: "తప్పు కాగితానిది. రేపట్నుంచి కంకిపాడుకు వెడల్పు కాగితం తెప్పించు. ఏమంటావ్?"

నా ఉద్యోగం మొత్తం ఆ 'ఏమంటావ్' చివర వేలాడుతోంది. లోకాన్ని దిద్దడానికి పుట్టినవాణ్ణి, గొంతు సవరించుకున్నాను.

"కాగితమేనండి."

ఆ వారమే సంతకం పడింది. (వెడల్పు కాగితాలు ఫైళ్ళలో పట్టక, వాటి చెవులు మడిచి కుట్టుకునేవాళ్ళం.)

రుజువు చూపిస్తే వాదన ముగిసిపోతుందని నమ్మిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. తరువాత నేనూ మేనేజరునయ్యాను. ఎవరైనా కొత్త కుర్రవాడు చేతిలో స్కేలుతో నా గదిలోకి వస్తే, వాడు నోరు తెరవకముందే నా చేయి కళ్ళజోడు మీదికి పోయేది.