లాభం, రెండు, మూడు

పైనుంచి "సైలెన్స్" అని వినిపించిందంటే మా వంటింట్లో అన్నీ ఆగిపోవాలి. మిక్సీ తిప్పకూడదు. మోటారు వేయకూడదు. కుక్కర్ విజిల్‌కు వచ్చి ఉంటే దించేయాలి. ఎండాకాలంలో ఫ్యాను కూడా ఆపమంటుంది, దాని చప్పుడు కిటికీలోంచి పైకి ఎక్కి ఫోనులో పడుతుందట. సూర్యాపేటలో మా వీధి హైవేకు దగ్గర. విజయవాడ లారీలు, డిపో బస్సులు రోజంతా హారన్లు కొడుతూనే ఉంటాయి. వాటిని ఆపడం శోభారాణి అక్క వల్ల కాదు. అందుకని కింది వాటాలో కిరాయికి ఉన్న నన్ను ఆపుతుంది.

ఆమె మా ఇంటి ఓనరు. పెన్‌పహాడ్ వైపు ఒక ఊళ్లో సర్కారు ప్రాథమిక బడి టీచరు. పుట్టిల్లు కోదాడ, అందుకే మాట కొంచెం ఆంధ్రా వైపు మొగ్గుతుంది. భర్త మధుసూదన్ మిర్యాలగూడ రూటులో ఆర్టీసీ బస్సు నడుపుతాడు, ఇంట్లో కనిపించడం తక్కువ. కనిపిస్తే ఆమె చేతికి ఏదో ఒకటి పట్టుకోమని ఇస్తుంది. కనిపించకపోవడానికి అది కూడా కారణమేమో.

బడిలో ఆమె ఒక్కతే టీచరు, తరగతులు ఐదు. రెండో తరగతికి తీసివేతలు చెబుతుంటే ఐదో తరగతి గోడలెక్కుతుంది. ఒకరోజు విసిగిపోయి పాఠాన్ని ఫోనులో తీసి, మరునాడు ఎవరో దాతలిచ్చిన టీవీలో ఒక తరగతికి అది పెట్టి, ఇంకో తరగతికి వరండాలో తను చెప్పుకుంది. పిల్లలు కుదురుగా కూర్చున్నారు. ఇక అప్పటి నుంచి ఆగలేదు. ఒత్తులు, ఎక్కాలు, ఇంట్లో వస్తువులకు ఇంగ్లిష్ పేర్లు, ఏదైనా రెండు నిమిషాల వీడియో. పత్తి ఏరే రోజుల్లో పిల్లలు బడికి రాకపోతే వాళ్ల తండ్రుల ఫోన్లకు పంపుతుంది. మంచి పనే. మంచి పని చేసేవాళ్ల కింది వాటాలో ఉండటం ఎంత కష్టమో మాత్రం కిరాయి మాట్లాడేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఇల్లు తుడిచే మాప్ కర్రకు జడ రబ్బర్లతో ఫోను కడుతుంది. వెలుగు పడటానికి పెళ్లిళ్లలో వాడే పెద్ద స్టీలు పళ్లెం. ఆ పళ్లెం పట్టుకోవడం నా వంతు. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి సైన్సు పాఠాలకు నన్ను అడగకుండా వదలదు, అడిగాక నా మాట వినదు. నీళ్లు ఆవిరవడం తీసినప్పుడు గిన్నె మీద తెల్లగా లేస్తున్నదాన్ని చూపించి "ఇదే ఆవిరి" అంది. ఆవిరి కంటికి కనిపించదని, తెల్లగా కనిపించేవి సన్నని నీటి బొట్లని చెప్పాను. రెండు నిమిషాల్లో అంత కుదరదని చెప్పి వీడియో పంపేసింది. ఎక్కడో ఒక ఊరి పిల్లలు నీటి బొట్లను ఆవిరి అనుకుంటున్నారని నాకు వారం రోజులు మనసు మనసులో లేదు.

నా అసలు పరేషాన్ మాత్రం అది కాదు. మా పాప ప్రవళిక.

పాపకు మూడున్నరేళ్లు. ఫోనులో చూసిన వీడియోల్లోని పాటలు అక్షరం పొల్లు పోకుండా పాడుతుంది. రంగుల పేర్లు ఇంగ్లిష్‌లో చెబుతుంది. చుట్టాలు చూసి మెచ్చుకునేవాళ్లు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. "నీళ్లు కావాలా?" అంటే "నీళ్లు కావాలా" అని మన మాటే మనకు అప్పజెబుతుంది. దాహమేస్తే నా చెయ్యి పట్టుకుని ఫిల్టర్ దగ్గరికి లాక్కుపోతుంది, నా ముఖం మాత్రం చూడదు. పిల్లల డాక్టరమ్మ వినికిడి పరీక్ష చేయించింది, చెవులు బాగున్నాయి. ఫోను, టీవీ పూర్తిగా బంద్ పెట్టమంది. ఎదురుగా కూర్చుని మాట్లాడండి, మాట మధ్యలో ఆగి పాపకు వంతు ఇవ్వండి, తనకు కావలసింది తన నోటితో అడుగుతుందేమో చూడండి అంది. వానాకాలం దాకా చూసి, అప్పటికీ అడగకపోతే హైదరాబాదులో థెరపీకి వెళ్లాలంది. మా ఆయన లక్ష్మణ్ మిర్యాలగూడలో రైసుమిల్లు ఆఫీసులో పనిచేస్తాడు. ఏమీ కాదు, మావాడు ఒకడు ఐదేళ్లకు మాట్లాడిండు అంటాడు. ఆ ఒకడి కథ నాకు ధైర్యం ఇవ్వదు.

అందుకే శోభక్క మెట్ల మీద పాపను ఆపి ఫోనులో ఆవు పాఠం చూపిస్తుంటే నాకు తిక్క రేగింది. పాపను లాక్కున్నాను.

"అక్కా, పాపకు ఫోన్ చూపియ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?"

"ఇది కార్టూన్ కాదు చెల్లీ, చదువు."

"డాక్టరమ్మ చదువు ఫోను వేరు, ఆట ఫోను వేరు అని చెప్పలే."

ఆమె ముఖం చిన్నబోయింది. కొన్నాళ్లు "సైలెన్స్" అని అరవడం మానేసి, "ప్లీజ్ సైలెన్స్" అని నా ఫోనుకు మెసేజ్ పెట్టింది. అది ఇంకా చిరాకు, మిక్సీ ఆపి ఫోను వెతుక్కోవాలి. తర్వాత ఒకరోజు దిగివచ్చి, పాపను చూడనివ్వద్దంటే సరే, తీసేటప్పుడు వచ్చి కూర్చుంటే తప్పేముంది, ఫోను వెనకవైపు ఏమీ కనపడదు కదా అంది. వద్దన్నాను.

కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. ఒకరోజు ప్లేస్కూలు మధ్యాహ్నమే వదిలేశారు. నేను ల్యాబు వదిలి రాలేను, లక్ష్మణ్ మిర్యాలగూడ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. శోభక్కకే ఫోను చేయాల్సి వచ్చింది. ఆటో దిగి గేటు తీస్తుంటే డాబా మీదనుంచి "కట్" అని వినిపించింది. పాప ఫోను చూస్తోందని ఖాయం చేసుకుని, దెబ్బలాటకు మాటలు కూర్చుకుంటూ మెట్లెక్కాను.

డాబా మీద నీడకు దుప్పటి కట్టారు. కింద పరిచిన పట్టా మీద వడ్ల కుప్ప. దాని ముందు శోభక్క మామ దుర్గయ్య తాత, చేతిలో ఇనుప సోల. వడ్లు, బియ్యం కొలిచే ఆ గిన్నె ఇప్పుడు చాలా ఇళ్లలో మూలకు పడి ఉంటుంది. కాంటాలు రాకముందు వాళ్ల ఊళ్లో ఎవరి కల్లంలో వడ్లు కొలవాలన్నా ఈయన్నే పిలిచేవాళ్లట. ఒకటో తరగతికి అంకెల పాఠం తీస్తున్నారు. ప్రవళిక మాప్ కర్ర పక్కన, ఫోను వెనకవైపు, తాతకు ఎదురుగా కూర్చుని ఉంది. ఫోనును కాదు, తాత చేతిని చూస్తోంది.

తాత సోల నింపి పక్కనున్న గంపలో పోశాడు. "లాభం" అన్నాడు.

"కట్. మామయ్యా, ఒకటి అనండి. ఒకటి."

"అంటనే బిడ్డా, అంట."

మళ్లీ నింపాడు. మళ్లీ "లాభం" అన్నాడు. మళ్లీ కట్. ఎన్నిసార్లు జరిగిందో, ఇద్దరి ముఖాలూ చెమటతో తడిసి ఉన్నాయి. శోభక్క నన్ను చూసి, కాస్త నువ్వన్నా చెప్పమన్నట్టు చేతులు తిప్పింది.

"రాశి ముందల కూసోని ఒకటి అంటరా?" అని తాత నాతో మొరపెట్టుకున్నాడు. "ఒకటంటే గాడనే ఆగుతది. మొదటిది లాభం. ఎనుక రెండు. ఈమెకు కోదాడల గిదేం నేర్పిన్రో."

"మా కోదాడలోనూ అంటారు మామయ్యా. బళ్లో అనరు."

"అయితే బడిల వడ్లెందుకు కొలుస్తున్నవ్?"

శోభక్క "సైలెన్స్" అంది. ఆ డాబా మీద ఎవరూ మాట్లాడటం లేదు. తాత సోల నింపి పోసి, నోరు అలవాటుగా "లాభం" అనేసి, ఆమె కట్ అంటుందని తెలిసి చెయ్యి గాల్లోనే ఆపేశాడు. ఆమె కట్ అంది.

"రెండు" అంది ప్రవళిక.

తాత దానివైపు చూశాడు. కట్ సంగతి మరిచిపోయి ఇంకో సోల పోశాడు. "మూడు" అని ఆగాడు. పాప పెదాలు కదిలాయి. "నాలుగు." నేను పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. కూర్చుకొచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

అయినా నేను సంబరపడలేదు. వరస బట్టీ వచ్చి ఉంటుంది, ఇన్నిసార్లు విన్నది కదా. కాకపోతే బట్టీ పాఠాన్ని ఇంతకుముందు ఎవరి కోసమూ మధ్యలో ఆపలేదు, ఎవరి వంతు కోసమూ ఎదురుచూడలేదు. ఫోను బంద్ పెట్టి అప్పటికి చాలా రోజులైంది. బాగుపడింది దానివల్లనో, తాతవల్లనో. రెండు మార్పులు కలిసిపోతే దేని ఫలితమో తేల్చకూడదని పిల్లలకు రోజూ నేనే చెబుతాను. తేల్చలేదు. రోజూ పాపను పైకి పంపాను. తాత ఒకటి అనలేదు, అక్క కట్ మానలేదు, వీడియో తెమలలేదు. అది తెమలకూడదని కోరుకున్నది ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే.

దీంతో కొత్త తలనొప్పి వచ్చింది. మెట్లెక్కుతూ లాభం, రెండు, మూడు. బిస్కెట్లు లాభం, రెండు. ప్లేస్కూలు మేడమ్ ఫోను చేసి, ఇంట్లో లెక్కలు ఏ పద్ధతిలో నేర్పుతున్నారని అడిగింది.

ఈలోగా శోభక్క ఓపిక ఖతమై, లాభంతోనే తీసిన వీడియోను టీచర్ల గ్రూపులో పెట్టింది. ఒకటి లేకుండా ఒకటో తరగతి పాఠమేమిటని ఒక పెద్దాయన రాశారు. మిగతావాళ్లు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆమె రెండు పూటలు కిందికి దిగలేదు. తర్వాత వడ్లు ఎత్తించేసి, స్టీలు గ్లాసులు వరసగా పెట్టి తాతను కూర్చోబెట్టింది. పళ్లెం నేనే పట్టుకున్నాను.

తాత మొదటి గ్లాసు ముట్టుకున్నాడు. "ఒకటి" అన్నాడు. తడబడకుండా పది దాకా పోయాడు.

శోభక్క ఫోను వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది. "ఇన్నాళ్లూ ఒకటి అనమని చంపుకుతింటే అనలేదేం మామయ్యా?"

"గివి గ్లాసులు గదనే. గ్లాసులకు లాభమేంది?"

అంతే, పాఠం అయిపోయింది. మరునాడు సాయంత్రం ప్రవళిక నా చెయ్యి పట్టుకుని మెట్ల దాకా లాక్కుపోయింది. డాబా మీద పట్టా లేదు, తాత లేడు. వడ్ల కుప్ప ఉన్నచోట కూర్చుంది. పిలిస్తే పలకలేదు. ఆ తర్వాత మళ్లీ పాత తీరే, చెయ్యి పట్టి లాగడమే, నోట్లోంచి మాట లేదు. వానలు దగ్గర పడుతున్నాయి.

ఆదివారం పొద్దున కుక్కర్ పొయ్యి మీద పెట్టి, మా డబ్బాలోని బియ్యం గిన్నెలోకి వంపుకుని, పాపను తీసుకుని పైకి వెళ్లాను. తాత కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"తాతా, జర మళ్లీ కొలుస్తవా? వీడియో లేదు, ఏం లేదు."

తాత లేచాడు. సోల తెచ్చుకుని డాబా మీద పట్టా పరిచాడు. ప్రవళిక తన పాత చోట కూర్చుంది. తాత నింపాడు, పోశాడు. "లాభం." కట్ అనేవాళ్లు లేరు. ఆయనే ఆగాడు, సోల నింపి పట్టుకుని. పాప రెండు అనలేదు. మాప్ కర్ర ఉండే చోటు చూసింది. నావైపు చూడలేదు. నేను నోరు తెరవబోతే తాత కళ్లతోనే ఆపాడు.

చాలాసేపటికి పాప ముందుకు జరిగి తాత మోకాలి మీద చెయ్యి వేసింది. ముఖం ఎత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"తాతా, పొయ్" అంది.

ఆ మాట ఏ వీడియోలోనూ లేదు. మాలో ఎవరమూ పలికి చూపించిన మాటా కాదు. తాత పోశాడు.

కింద మా కుక్కర్ విజిల్ వేసింది, మళ్లీ వేసింది. దించడానికి నేను కదల్లేదు. తలుపు దగ్గర నిలబడి అంతా చూసిన శోభక్క కళ్లు తుడుచుకుని, నా దగ్గరకు వచ్చి గుసగుసగా అంది.

"అయ్యో చెల్లీ, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టాను. ఇంకొక్కసారి అనిపించవా?"

గిన్నెలో మిగిలిన బియ్యం తాత ముందుకు జరిపాను.