ఉప్పు చెప్పిన వాన

ఇది ఎప్పుడో రాయవలసింది. నాకు అక్షరాలు వచ్చేసరికే తల నెరిసింది. మా పాలెంలో ఆడపిల్ల చేతికి పలక ఇచ్చినవాళ్ళు లేరు. ఇచ్చినా, పగలంతా చేపలకు ఉప్పు పట్టించి పగిలిపోయిన వేళ్ళతో బలపం ఎవరు పడతారు? ఈమధ్యనే మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్నాను. ఇవాళ పొద్దున్న గోదావరి పాయ కనిపించనంతగా మంచు పట్టింది. ఈ మంచు ఇంకా ఎన్నాళ్ళుంటుందని మనవరాలు నన్ను అడిగింది. మా అత్తగారైతే ఠక్కున చెప్పేసేది.

మార్గశిరం వచ్చిందంటే పాలెమంతా ఆవిడ మాట కోసం కాచుకునేది. మా ఇంట్లో పొయ్యి పక్కన ఉట్టి మీద మూకుడు నిండా గళ్ళుప్పు ఉండేది. సాయంత్రం అందులో వేళ్ళు పెట్టి, ఉప్పు పొడిగా రాలితే ఎండలనీ, వేళ్ళకు అంటుకుంటే ముసురనీ తేల్చేది. మామగారు గాలివాటం చూసి ఏదో చెప్పబోతే, "నీ గాలి ఇప్పటి సంగతయ్యా. నా ఉప్పు రేపటి సంగతి చెబుద్ది," అనేది. ఆయన చుట్ట ముట్టించుకునేవాడు.

నా రెండో కాన్పు అలాంటి ఒక చలికాలంలోనే. నూర్పిళ్ళప్పుడు ఎండు నెత్తళ్ళ చేపలు గంపలకెత్తుకుని పై ఊళ్ళ కళ్ళాలకు వెళితే, రైతులు బదులుగా ధాన్యం కొలిచేవారు. ఏడాది పొడుగునా మా తిండి అదే. ఆ ఏడు ఇసుక మీద పరిచిన నెత్తళ్ళు సగమైనా ఎండకముందే అత్తగారు మూకుడు తడిమి, రెండు వారాలు ఎండను నమ్మొద్దంది. చేపలన్నీ ఇంట్లోకి చేర్చేశారు.

మర్నాడు ఎండ కాసింది. ఆ తరవాతి రోజూ అంతే. పక్కింటావిడ తన చేపలు తిరగేస్తూ, "ఏం వదినా, వాన దారి తప్పిందా?" అంది. అత్తగారు మూకుడు దింపి చూపించింది. ఉప్పు నిజంగానే చెమ్మగా ఉంది. ఇంట్లో చేపల వాసన మారుతోంది. ఇంకో రెండు రోజులు అలాగే ఉంచితే పారబోసుకోవలసిందే.

ఆ సాయంత్రం నాకు సంగతి తట్టింది. బాలింతకు బయటి చలి పడదని అత్తగారు నాకూ బిడ్డకూ పొయ్యి దగ్గరే, ఉట్టి కిందే, కాగిన నీళ్ళు పోసేది. ఆ ఆవిరికి ఉప్పు చెమ్మగిల్లింది. చెబుదామంటే నోరు రాలేదు. నా మీది ప్రేమవల్లే కదా ఆవిడ పొరబడింది.

ఉప్పు ఆరింది, చేపలు మళ్ళీ ఎండకెక్కి దక్కాయి, ధాన్యమూ వచ్చింది. గాలి తిరగబట్టే ఉప్పు ఆరిందని అత్తగారు పోయేదాకా చెప్పుకుంది. ఇన్ని చలికాలాలు గడిచాక, తిండికేం చేస్తామన్న ఆనాటి భయం ఎటో పోయి, ఆ నీళ్ళ వెచ్చదనమొకటే మిగిలింది నాకు. ఆ సంగతి తట్టిన మర్నాడు పొద్దున్న నేను చేసింది ఇంతే. పొగకు కళ్ళు మండుతున్నాయని వంక పెట్టి, ఆవిడ తిడుతున్నా వినకుండా, వేణ్ణీళ్ళ కాగు పెరట్లోకి మోయించుకుని, తడిక చాటున వణుకుతూ స్నానం చేశాను.