రాహుకాలంలో ఎం.ఏ. హిస్టరీ

డిగ్రీ అయ్యాక ఎం.ఏ. హిస్టరీకి దరఖాస్తు చేయడానికి పెనుకొండ నుంచి హిందూపురం నెట్ సెంటర్‌కు వెళ్లాను. బీఈడీ చేయమని పోరిన నాయనే తోడొచ్చాడు. ఆదివారం, ఆఖరి రోజు. మధ్యాహ్నమంతా మొరాయించిన సైటు ఐదు దాటాక కదిలింది. సబ్మిట్ నొక్కబోతుంటే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"రాహుకాలం నడుస్తాండాది. ఆరు దాటనీ పాపా."

"ఆరింటికి సైటు మూసేస్తారు నాయనా!"

నెట్ సెంటరాయన కూడా చేతులు కట్టుకున్నాడు. "పెద్దాయన చెప్తాండాడు కదమ్మా, ఆగు."

ఇద్దరికీ దండం పెట్టి నేనే నొక్కేశాను. బస్సులో నాయన నన్నొదిలి ముందు సీట్లో కూర్చున్నాడు.

తర్వాత సీటొచ్చిందని చెప్తే నిట్టూర్చాడు.

"రాహుకాలంలో కొడితే హిస్టరీ గాక ఇంకేమొస్తాది!"