చేపల చెరువు శ్రుతి

ముందే చెబుతున్నానండి, నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి. మా ఆవిడ అలాగే వింటుంది.

మా బావగారు సంగీత చరిత్ర పరిశోధకులు. ఆయన ఏళ్ల తరబడి వెతుకుతున్న ఓ పాత కీర్తన, పెదపాడు దగ్గరుండే నాదస్వర విద్వాంసులు మస్తాన్ గారొక్కరికే వచ్చునని తెలిసి, నిరుడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఆయన ఇల్లు చేపల చెరువు గట్టు మీద. సాయంకాలం నీళ్లూ ఆకాశమూ కలిసిపోయి, మా కుర్చీలు మబ్బుల్లో వేసినట్టున్నాయి.

"ఊదే దమ్ము లేదండి, నోటితో పాడతాను. శ్రుతి ఏదండీ?" అన్నారు మస్తాన్ గారు.

శ్రుతిపెట్టె ఏలూరులోనే మరిచిపోయాం.

"అది లేకుండా నేను నోరు విప్పనండి."

బావగారి ముఖం చూస్తే కొల్లేరు ఎండిపోయినట్టుంది. అంతలో చెరువులో నీళ్లకు గాలి పట్టే ఏరియేటర్లు మొదలయ్యాయి. మస్తాన్ గారు ఆ రొదకు చెవి ఒగ్గి, "ఇది చాలండి" అని పల్లవి ఎత్తుకున్నారు. కొల్లేటి కొంగలన్నీ గట్టు మీద వాలాయి. చేపలు తలలెత్తి విన్నాయి.

పాట ఆగాక అడిగాను. "బావగారూ, ఫోనులో రికార్డింగు నొక్కారా?"

ఆయన కళ్లు తెరిచి, "ఏది?" అన్నారు.

మస్తాన్ గారు నవ్వి, మళ్లీ మొదటినుంచి పాడారు.

కొంగలూ చేపలూ నిజమేనండి. మళ్లీ పాడారన్నదే నా కల్పన. ఆ రోజూ, ఆ తర్వాతా ఆయనకంత ఊపిరి చిక్కలేదు.