జామ పుల్లలు, పెట్టె చెక్క

1977 వేసవి. అప్పుడు నేను సంగారెడ్డి పశువైద్యశాలలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ని, అంటే రోజూ పశువులను చూసే ప్రభుత్వ డాక్టర్ని. మా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా ఎడ్లు, బర్రెలు, మేకలు. పటాన్‌చెరు పొలాల్లో ఫ్యాక్టరీ షెడ్లు లేచాక వాటితోపాటు కొత్త రకం పేషెంట్లూ రావడం మొదలైంది.

ఒక పొద్దున సుజాత అనే ఆమె బుట్టలో గినీపిగ్‌ను పెట్టుకుని బస్సు దిగి వచ్చింది. గినీపిగ్ అంటే తోక లేని, పిల్లికూనంత ఉండే ఎలుక జాతి జంతువు. ఆమె భర్త ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్‌లో పనిచేసేవాడు. అక్కడి యానిమల్ హౌస్‌లో, అంటే పరీక్షల కోసం జంతువులను పెంచే గదిలో, వాడకుండా మిగిలిన రెండు గినీపిగ్ పిల్లలను అడిగి ఇంటికి తెచ్చాడు. ఒకటి భార్యకు, ఒకటి వదినకు. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉండేవి.

బుట్టలోది మూలకు ముడుచుకుని ఉంది. చొంగ కారి మూతి తడిసిపోయింది.

"నిన్నటి సంది ఏం ముడుతలేదు సారూ," అంది సుజాత. తర్వాత గొంతు తగ్గించింది. "మా అక్క ఏమన్న పెట్టిందేమో సూడున్రి."

"ఎవరమ్మా ఆ అక్క?"

"మా తోడికోడలు, ఈశ్వరమ్మ. ఆమెదాన్ని సూడాలె మీరు, నున్నగ గుండ్రాయి లెక్క ఉంటది. వాకిట్లకెల్లి పోయెటోళ్లంత ఆగి దాన్నే ఎత్తుకుంటరు. నాదాన్ని ఒక్కలు గుడ ముట్టరు. రెండూ ఒక్క తల్లి పిల్లలే గద! ఇగ ఇది సచ్చిందనుకోన్రి, ఆ ఇంట్ల నేనుండ. వేరు పడుడే. మా ఆయనకు చెప్పే బస్సెక్కిన."

ఆ చిన్న ప్రాణం పోతే ఒక ఇల్లు రెండయ్యేటట్టుంది. దాని నోరు తెరిచి చూశాను. ఈ జంతువుల ఇన్‌సైజర్స్, అంటే ముందు పళ్లు, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. దేన్నో ఒకదాన్ని కొరికి అరగదీసుకోకపోతే నోరు మూయడానికి కూడా రాదు. అదే అయ్యుంటుందనుకున్నాను. కానీ పళ్లు చక్కగా అరిగి ఉన్నాయి. పెదవుల లోపలా, నాలుక కొసనా ఎర్రగా పుండ్లు పడ్డాయి.

"కొరకడానికి ఏం వేస్తున్నావమ్మా?"

"చెక్క. అక్క తనదానికి పుల్లలేస్తది. తెల్లారితే సాలు, ఇల్లంత దాని కర్‌కర్ సప్పుడే. నాది గుడ గట్లనే కొరకాలె అనుకున్న."

"అవి ఏం పుల్లలో ఆమెను అడగలేదా?"

"నేనా? ఆమెనా?" ఆ ప్రశ్నే తప్పన్నట్టు నావైపు చూసింది. "అడిగితె వాడంత చెప్పుకుంట తిరుగుతది. అందుకే దానికన్న మంచిది తెప్పిచ్చిన. ఫ్యాక్టరీకి బయటి దేశం సామాను పెట్టెలల్ల వస్తది గద సారూ, గా చెక్క. తెల్లగ, మెత్తగ, ఎంత సాఫ్ ఉంటదో!"

ఆ రోజుల్లో పటాన్‌చెరులో పెట్టె చెక్కంటే మోజు. గూటి అరలు, పీటలు, కోళ్ల గూళ్లు అన్నీ దానితోనే చేసుకునేవారు. బుట్ట అడుగున గడ్డిలో ఒక ముక్క దొరికింది. ఒక పక్క పసుపు మరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు. అది చెదల మందో, పెట్టెలో ఒలికిన రసాయనమో నాకు తెలియలేదు. తెలుసుకునే వీలూ మాకు లేదు.

"మీ అక్క ఏం పెట్టలేదమ్మా. దీని నోరు కాల్చింది ఈ చెక్క. పుండ్లు మానితే బతుకుతుంది."

గినీపిగ్ బతుకుతుందన్న సంతోషం కంటే అక్క తప్పించుకుందన్న బాధే సుజాత ముఖంలో ఎక్కువ కనిపించింది.

నోరు కడిగి, పుండ్లకు గ్లిజరిన్ రాసి, ఇంకు ఫిల్లర్‌తో గ్లూకోజు నీళ్లు పోశాను. కొరకడానికి ఏం వేయాలో చెప్పాను. రంగు, మందు, మేకు తగలని కొమ్మ కావాలి. పురుగుమందు కొట్టని చెట్టుదై ఉండాలి. కడిగి, నీడన ఆరబెట్టి వేయాలి. జామ పుల్ల మంచిది. గన్నేరు దరిదాపులకు రానీయొద్దు. సీతాఫలమూ వద్దు.

"జామనే కావాల్నా సారూ? ఇంకోటేది లేదా?"

"ఎందుకమ్మా?"

"జామచెట్టు ఆమె దిక్కున్నది."

మా ఆసుపత్రి వెనకా ఒక జామచెట్టు ఉంది. ఆమెకు చూపించలేదు. "అడుగు, పుల్లలే కదా," అని పంపాను.

తర్వాతి వారం ఇద్దరూ వచ్చారు, చెరొక బుట్టతో. సుజాతది చిక్కిపోయింది కానీ పుల్ల కొరుకుతోంది. ఈశ్వరమ్మ ముందుకు తోసుకొచ్చి తన బుట్టను బల్ల మీద పెట్టింది.

"దీన్ని జెర సూడున్రి డాక్టర్ సాబ్."

చూశాను. "దీనికేం రోగం లేదమ్మా."

"గదేంది? దానిదైతే నోరు తెరిచి సూస్తిరంట, గ్లూకోజు పోస్తిరంట! వాడంత గదే ముచ్చట. నాదాన్ని అడిగెటోళ్లే లేరు. పుల్లలిచ్చి బతికిచ్చింది నేను, పేరు మాత్రం దానికి!"

"జల్దీ సూడున్రి సారూ," అంది సుజాత, కొంగు చాటున నవ్వుతూ. "లేకుంటె పొద్దుమీకి నాకు పుల్లలు బంద్ చేస్తది."

దాని నోరూ తెరిచి చూసి, ఫిల్లర్‌తో దానికీ గ్లూకోజు పోశాను. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లారు. ఆ ఇల్లు వేరు పడలేదు.

పశువు జబ్బు పడితే ఏం మేపారో అడగమని కాలేజీలో నేర్పారు. ఆ తర్వాత నా ఉద్యోగమంతా దానికి ఇంకో ప్రశ్న కలిపి అడిగాను: "ఎవరి పశువును సూసి పెట్టిన్రు?" వినగానే మనుషులకు ముందు కోపం వస్తుంది. జబ్బు ఎక్కడ మొదలైందో ఆ కోపం తగ్గాక చెబుతారు.