ఫ్లెక్సీలో నా మొహం

ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో నా మొహాన్ని నేనే గుర్తుపట్టలేకపోయాను. అంత తెల్లగా నేనెప్పుడున్నాను గనక! ఆ బొమ్మలోనే నా పక్కన మా పెదనాయన చేతులు జోడించి నిలబడ్డాడు. 'బ్యాంకు ఆఫీసరుగా ఎంపికైన మా ఇంటి ఆడబిడ్డకు శుభాకాంక్షలు' అని కింద పెద్ద అక్షరాలు. నంద్యాల బస్సు దిగగానే నాకు ఎదురుపడింది అదే. ఆ ఉద్యోగం వద్దని చెప్పడానికే నేను ఇంటికి వచ్చాను.

మా వీధిలో డిగ్రీ అయినవాళ్లు ఏం చేద్దామని ఆలోచించరు. నంద్యాలకు పోయి బ్యాంకు కోచింగులో చేరతారు, అంతే. ముందు వీధి చివరింటి అక్క చేరింది, తర్వాత ఆమె చెల్లెలు, వాళ్ల వెనక మేమంతా. నీకేం ఇష్టమని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూస్తూ, ఖాళీగా ఉండలేక అక్కడే ఒక విత్తనాల కంపెనీ ల్యాబులో చేరాను. తడికాగితంలో గింజలు పరిచి చుట్టడం, కొన్నాళ్లకు విప్పి ఎన్ని మొలిచాయో చూడటం, అదీ పని. నేను చదివిన బోటనీ ఎందుకు పనికొస్తుందో అక్కడే తెలిసింది. చుట్ట విప్పగానే తెల్లటి మొలకలు కనిపిస్తే ఆ రోజంతా హుషారుగా ఉండేది. ఇక్కడే ఉండిపొమ్మని వాళ్లు అడిగిన వారంలోనే బ్యాంకు ఫలితం వచ్చింది. పోస్టింగు ఎక్కడో ఒడిశాలో.

ఇంట్లో నాయన పక్కన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాను.

"ఫ్లెక్సీ చూస్తివా?" అన్నాడు నాయన.

"చూస్తి. నాయనా, నేను బ్యాంకుకు పోను. నాకు ఆ విత్తనాల పనే బాగుంది."

నాయన చేయి కంచంలోనే ఆగిపోయింది. "మరి కోచింగుకు ఎందుకు పోతివి?"

"నువ్వు ఆశ పడతాండావని."

"నేనెప్పుడు పొమ్మంటి? అందరు పిల్లోల్లూ పోతాండారు, నీకూ ఆశేమో, వద్దంటే బాధపడతావని గమ్మునుంటి. అంత దూరం ఎట్ల పంపల్ల అని నాకు నిద్దరే లేదు."

"ఇద్దరికీ నోట్లో నాలుక లేదా?" అంది అమ్మ వంటింట్లోంచి.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. ఇంకో ముద్ద కలుపుకుని, ఇంకొంచెం పప్పు వేయించుకుని తిన్నాను.

సాయంత్రం పెదనాయనకు చెప్పాల్సి వచ్చింది. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఏందీ, ఇప్పుడా చెప్పేది? ఎదురింటోల్లు వాళ్ల పిల్లోనికి కట్టిరి. మనం కట్టకుంటే మీ నాయన చిన్నబుచ్చుకుంటాడని కట్టిస్తి. లేకుంటే నాకెందుకీ బొమ్మల పిచ్చి?"

"నేనెందుకు చిన్నబుచ్చుకుంటాను, అన్నా?" అన్నాడు నాయన. "నువ్వు సంబరపడతాండావని నేనూ నోరు మూసుకుంటి."

పెదనాయన "బాగుంది మన సంసారం" అని లేచాడు. చీకటి పడకముందే తనే పోయి ఫ్లెక్సీ విప్పుకొచ్చాడు. ఇప్పుడది వానకు తడవకుండా వాళ్ల గడ్డివాము మీద కప్పి ఉంది. బొమ్మ కిందికి పెట్టమని మాత్రం నేనే బతిమాలాను.

సోమవారం నంద్యాల బస్సులో పక్కసీటు అవ్వ, ఆ బస్సులో మా వయసు పిల్లల్ని అందరూ అడిగేదే అడిగింది. "ఏ బ్యాంకుకు చదువుతాండావమ్మా?"

"బ్యాంకు కాదవ్వా. విత్తనాల కంపెనీలో చేస్తాండా. గింజ మొలుస్తుందో లేదో చూసే పని."

అవ్వ నా వైపు పూర్తిగా తిరిగింది. "పోయినేడు మా శనగలు సగం మొలవనే లేదు. చూసేటోల్లు యాడ పోయిండిరో."

ఆ గింజలు ఏ కంపెనీవని అడగాలని గానీ, మావి కావని చెప్పాలని గానీ అనిపించలేదు.

"ఈతూరి బాగా చూస్తానవ్వా."

"చూడు తల్లీ. మేం ఆ గింజ మీదనే బతుకుతాండాం" అని, దిగేదాకా నా చేయి పట్టుకునే కూర్చుంది.